మీసాల ఈగకు పేరెవరు పెడతారు?

ముందుగా ముఖం చూడాలి. రెండు పెద్ద కళ్ళు ఉబ్బుగా పైకి లేచి, వాటి నడుమ నడినెత్తి గుంట పడి ఉండాలి. ఆ గుంటలో ఒక చిన్న బొడిపె, దాని మీద మూడు చిట్టి కళ్ళు. కిందికి వస్తే ముఖం మీద బిరుసు వెంట్రుకల మీసం, మీసం కింద నుంచి పొడుచుకొచ్చిన నల్లటి గట్టి తొండం. ఫొటోలో ఈ గుర్తులన్నీ కనిపిస్తే అది అసిలిడే కుటుంబపు ఈగ. ఇంగ్లీషువాళ్ళూ జర్మన్లూ దీన్ని దోపిడీదారు అని పిలిచారు కాబట్టి మనం దోపిడీ ఈగ అనుకుందాం. ఈ మధ్య కొందరు శాస్త్రవేత్తలు హంతక ఈగ అన్న పేరే దీనికి తగినదంటున్నారు. చేసే పని చూస్తే నాకూ అదే సరైనదనిపిస్తుంది. ఎండుపుల్ల మీదో ఇసుక మీదో కాపు కాసి కూర్చుంటుంది. ఎదురుగా ఏదైనా పురుగు ఎగిరితే బాణంలా లేచి గాల్లోనే కాళ్ళతో ఒడిసిపట్టి, తొండం దించి, విషం కలిసిన లాలాజలం ఎక్కిస్తుంది. లోపలి కండ కరిగి ద్రవమయ్యాక పీల్చేసి, ఉత్త డొల్లను కింద పడేస్తుంది.

ప్రపంచంలో ఇలాంటివి 7,500కు పైగా జాతులున్నాయి. సహారా ఎడారికి దక్షిణాన ఉన్న ఆఫ్రికాలోనే 1,600 దాటి ఉన్నాయి. మూడు మిల్లీమీటర్ల నలుసు దగ్గర్నుంచి మన చిటికెనవేలంత పొడుగున్న వాటి దాకా అన్నీ ఒకే కుటుంబం. ఇవాళ ఆఫ్రికాలో ఎవరో ఒకరు బాట పక్కన ఆగి, కెమెరానో ఫోనో తీసి, వీటిలో ఒకదాన్ని ఫొటో తీసి, దీని పేరేమిటి అని అడుగుతున్నారు. ఇంత చిన్న ప్రశ్నకు జవాబు చెప్పాలంటే రెండున్నర శతాబ్దాలు వెనక్కి నడవాలి.

ఈ కుటుంబానికి పేరు పెట్టడమే పొరపాటుతో మొదలైంది. లినేయస్ 1758లో అసిలస్ అని ఒక ప్రజాతిని నెలకొల్పాడు. ఆ మాట లాటిన్‌లో పశువులను కుట్టి పరుగులు పెట్టించే జోరీగకు పేరు, రోమన్ కవి వర్జిల్ పశుపోషణ గురించి రాసిన కావ్యంలో కనిపిస్తుంది. దోపిడీ ఈగ పశువు జోలికే పోదు. పశువును కుట్టే ఈగ దొరికితే దాన్నే తినేస్తుంది. పేరు మాత్రం అలాగే స్థిరపడిపోయింది.

లినేయస్ శిష్యుడు థున్‌బెర్గ్ 1772 నుంచి 1775 దాకా కేప్ ప్రాంతంలో తిరిగి మొక్కలతో పాటు పురుగులనూ పోగు చేశాడు. ఆ రోజుల్లో ఆఫ్రికా దక్షిణ కొస నుంచి యూరప్ చేరిన ఈగకు గుచ్చిన చీటీ మీద ఒకటే మాట ఉండేది, కేప్ అని. రేవు పక్కన పట్టారో, లోపలి ఎడారిలో పట్టారో, ఏ నెలలో పట్టారో, దేన్ని తింటుండగా పట్టారో ఆ చీటీ చెప్పదు. ఫాబ్రిసియస్ 1805లో, వీడెమన్ 1828-30 మధ్య ఇలాంటి ఈగలను వర్ణించారు. ఒక్కో జాతికి నాలుగైదు వరుసల లాటిన్: నల్లనిది, కాళ్ళు ఎర్రనివి, రెక్కలు పొగరంగువి. పది జాతులు మాత్రమే తెలిసిన కాలంలో అంతకంటే అక్కర్లేదు. నూరు జాతులు తెలిశాక అలాంటి వర్ణన ఏ ఈగకైనా సరిపోతుంది. ఈ రోజు ఫొటో చూసి పేరు చెప్పబోయేవారు తడబడే చోట్లలో సగం ఆ నాలుగు వరుసల దగ్గరే ఉన్నాయి. ఆ వర్ణన నిజంగా ఏ ఈగదో తెలియాలంటే వియన్నాలోనో కోపెన్‌హాగెన్‌లోనో రెండువందల ఏళ్ళుగా సూదికి గుచ్చి ఉన్న మూల నమూనాను బయటికి తీసి చూడాల్సిందే.

హెర్మన్ లోవ్ దగ్గర కాసేపు ఆగాలి. ప్రష్యా రాజ్యంలో మెసెరిట్జ్ అనే చిన్న ఊళ్ళో బడి నడిపిన మనిషి. ఈగల మీద అతనికి ఉన్న చూపు ఆ శతాబ్దంలో మరొకరికి ఉందని నేననుకోను. దక్షిణాఫ్రికా ఈగల మీద అతని పెద్ద గ్రంథం 1860లో బెర్లిన్‌లో వెలువడింది. అతను ఆఫ్రికాలో ఎన్నడూ కాలు పెట్టలేదు. అతని చేతికి వచ్చినవి ముఖ్యంగా స్వీడన్‌కు చెందిన యోహాన్ ఆగస్ట్ వాల్‌బెర్గ్ పట్టిన ఈగలు. వాల్‌బెర్గ్ 1838లో బయల్దేరి 1845 దాకా నెటాల్, ట్రాన్స్‌వాల్ ప్రాంతాల్లో తిరిగి, పక్షులూ జంతువులూ పురుగులూ వేల లెక్కన స్టాక్‌హోమ్ పంపాడు. తర్వాత మళ్ళీ ఆఫ్రికా వెళ్ళి, 1856లో ఇప్పటి బోట్స్‌వానాలో ఏనుగు చేతిలో ప్రాణం పోగొట్టుకున్నాడు. పట్టినవాడు ఒక చోట, పరికించినవాడు ఇంకొక చోట. నడుమ వేల మైళ్ళ సముద్రం.

లోవ్ బల్ల మీదికి చేరేసరికి ఈగలో మిగిలిందేమిటి? బతికున్నప్పుడు పచ్చగా, రాగిరంగుగా మెరిసిన కళ్ళు ఎండి గోధుమరంగు తిరిగాయి. పొట్ట ముడుచుకుపోయింది. అది ఎలా కూర్చుంటుందో, రెక్కలు ఎలా మడుస్తుందో, నేల మీద వాలుతుందో కొమ్మ మీద వాలుతుందో చెప్పే ఆధారం లేదు. అందుకే లోవ్ ఎండినా మారని వాటి మీద కన్నేశాడు. రెక్క ఈనెలు ఎక్కడ కలుస్తున్నాయి, ఏ గడి మూసుకుంది, ఏది తెరిచి ఉంది, స్పర్శశృంగం కొసన ముల్లు ఉందా లేదా, కాలి మీద బిరుసు వెంట్రుకలు ఎన్ని, మగదాని పొట్ట కొసన పట్టుకారులాంటి భాగం ఏ ఆకారంలో ఉంది? ఈ కుటుంబంలో జాతిని జాతి నుంచి విడదీసే గుర్తులు ఈనాటికీ చాలావరకు ఇవే. చచ్చిన ఈగను చూడ్డానికి తయారైన కన్ను అది. ఫొటోలు చూసేవారి కష్టమంతా ఇక్కడే పుట్టింది.

అదే 1860లో, నవంబర్ 16న, మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ రేవు చేరింది. అందులో చెరకు తోటల్లో పనికి ఒప్పంద కూలీలుగా వెళ్ళిన తమిళులూ తెలుగువారూ ఉన్నారు. వాల్‌బెర్గ్ పురుగులు పట్టిన నెటాల్ నేల అదే. ఆ తోటల గట్ల మీద వాళ్ళు ఈ మీసాల ఈగలను చూసే ఉంటారు, వాటిని ఏమని పిలుచుకున్నారో ఎవరూ రాసిపెట్టలేదు.

లోవ్ కాలంలోనే లండన్‌లో ఫ్రాన్సిస్ వాకర్ బ్రిటిష్ మ్యూజియం కోసం జాబితాలు రాస్తూ వందల కొత్త పేర్లు పెట్టాడు. తొందరలో పెట్టిన పేర్లవి. ఒకే ఈగకు రెండు మూడు పేర్లు పడ్డ చోట్లూ ఉన్నాయి. వాటిని విప్పి సర్దడానికి తర్వాతి తరాలవాళ్ళు ఎన్నో ఏళ్ళు ఖర్చు పెట్టాల్సి వచ్చింది. వాకర్ గురించి ఇంతకంటే చెప్పబుద్ధి కాదు.

బతికున్న ఈగ ఈ కథలోకి వచ్చింది ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో, అదీ అనుకోని దారిన. రొడీషియాలో ఉన్న గై మార్షల్, అయిదేళ్ళ పాటు పురుగుల జీవితం మీద తాను చేసిన పరిశీలనలనూ ప్రయోగాలనూ 1902లో ప్రకటించాడు. ఆక్స్‌ఫర్డ్‌లోని జంతుశాస్త్రవేత్త పూల్టన్‌కు కావలసింది జాతుల పట్టిక కాదు, ఒకదాని వేషం మరొకటి ఎందుకు వేస్తుందన్న ప్రశ్నకు జవాబు. అందుకని వేటాడే ఈగనూ అది పట్టుకున్న ఎరనూ ఒకే సూదికి గుచ్చి భద్రపరచడం మొదలైంది. ఈగను అది బతికిన తీరుతో కలిపి పదిలపరచడం అక్కడ అలవాటయింది. ఇవాళ ఫొటోలో ఈగ కాళ్ళ మధ్య ఇరుక్కున్న తేనెటీగను చూసినప్పుడల్లా నాకు ఆ జంట సూదులే గుర్తొస్తాయి.

పూల్టన్ వెంటపడిన వాటిలో హైపెరికియా అనే దోపిడీ ఈగ ముఖ్యమైనది. మన ఇళ్ళ దూలాలను తొలిచే నల్లటి పెద్ద తుమ్మెద మనకు తెలుసు కదా. ఆఫ్రికాలోనూ ఆ తుమ్మెదలున్నాయి. హైపెరికియా అచ్చం వాటిలా ఉంటుంది. అదే నలుపు, అదే ఒళ్ళంతా వెంట్రుకలు, అవే పొగరంగు రెక్కలు. దాని పిల్లపురుగులు తుమ్మెద తొలిచిన కర్ర సొరంగాల్లోనే ఉండి తుమ్మెద పిల్లలను తింటాయి. పూల్టన్ 1924లో ఈ సంబంధం మీద రాశాడు. ఇలాంటి ఈగను దూరం నుంచి ఫొటో తీస్తే తుమ్మెద అనే రాసుకుంటాం. దగ్గరికెళ్ళి చూస్తే తుమ్మెదకు నాలుగు రెక్కలు, దీనికి రెండే. తుమ్మెద స్పర్శశృంగాలు మోచేయిలా వంగి ఉంటాయి, దీనివి పొట్టిగా ముందుకు నిక్కి ఉంటాయి. తుమ్మెద నడినెత్తి నున్నగా ఉంటుంది, దీనికి ఆ గుంట తప్పదు. వేషం ఒళ్ళంతా మార్చగలిగింది గానీ నడినెత్తిని మార్చలేకపోయింది.

ఆ శతాబ్దపు మొదటి సగంలో ఇంకో పేరు చెప్పుకోవాలి. గెర్ట్రూడ్ రికార్డో. బ్రిటిష్ మ్యూజియంలో జోరీగల మీద, దోపిడీ ఈగల మీద ఏళ్ళ తరబడి పనిచేసింది. 1920లో ఆమె దక్షిణాఫ్రికా, ఆసియా ప్రాంతాల అసిలీనే ఉపకుటుంబాన్ని ఒకేచోట పెట్టి రాసింది. అలా కలపడానికి కారణం ఉంది. ప్రొమేకస్, ఒమేషియస్ లాంటి ప్రజాతులు ఆఫ్రికాలోనూ ఉన్నాయి, మన దేశంలోనూ ఉన్నాయి. భారత ప్రాణిశాస్త్ర సర్వేక్షణ సంస్థకు చెందిన జోసెఫ్, పరూయి మన దేశపు అసిలిడేల మీద సంపుటం తెచ్చేసరికి 1998 వచ్చింది. ఆఫ్రికాలో ఆ పని అంతకు చాలా ముందే మొదలైంది. ఎంగెల్, కత్‌బెర్ట్‌సన్ 1930లలో దక్షిణ రొడీషియా ఈగల వర్గీకరణతో పాటు అవి బతికే తీరునూ కలిపి రాశారు.

తర్వాత వచ్చినవి పెద్ద పుస్తకాలు. అమెరికాలో ఫ్రాంక్ మాంట్‌గోమరీ హల్ 1962లో ప్రపంచపు దోపిడీ ఈగల ప్రజాతులన్నిటినీ రెండు భాగాలుగా, తొమ్మిదివందల పేజీల్లో కూర్చాడు. లండన్‌లో హెరాల్డ్ ఓల్డ్‌రాయిడ్ 1970లో కాంగో పరీవాహక ప్రాంతపు జాతుల మీద, 1974లో దక్షిణాఫ్రికా ప్రాంతపు దోపిడీ ఈగల మీద రాశాడు. ఆ రెండోది నెటాల్ మ్యూజియం వార్షికల్లో 171 పేజీల పని. పేరుకు పరిచయమే గానీ, ఎవరైనా ఈగను చేత్తో పట్టుకుని, ప్రశ్న తర్వాత ప్రశ్న చదువుకుంటూ ప్రజాతి దాకా నడవగలిగే మెట్లదారి అందులో ఉంది. అతను పోయాక, 1980లో, క్రాస్కీ సంపాదకత్వంలో ఆఫ్రికా ఈగల మహాసూచిక వచ్చింది. అందులో అసిలిడే అధ్యాయం ఓల్డ్‌రాయిడ్‌దే. అప్పటిదాకా పడ్డ పేర్లన్నీ, వాటి మారుపేర్లన్నీ ఒక వరుసలోకి వచ్చాయి. సూచిక చదవడం ఎవరికీ సరదా కాదు, నాకూ కాదు. కానీ వాకర్ మిగిల్చిన చిక్కు ఎంతో అందులోనే తెలుస్తుంది.

పీటర్‌మారిట్జ్‌బర్గ్ అనగానే మనకు గుర్తొచ్చేది 1893లో గాంధీని రైలు నుంచి దింపేసిన స్టేషన్. ఆ ఊళ్ళోనే నెటాల్ మ్యూజియం ఉంది, ఇప్పుడు క్వాజులూ-నెటాల్ మ్యూజియం. బ్రయన్ స్టకెన్‌బర్గ్ అక్కడ ఈగల సేకరణను దశాబ్దాల పాటు పెంచాడు. ఆఫ్రికా ఖండంలో ఈగలకు అంతకంటే పెద్ద సేకరణ లేదు. ఆ మ్యూజియానికే 1970లలో జేసన్ లాంట్ వచ్చాడు. అంతకు ముందు పశువుల పిడుదుల మీద పనిచేసినవాడు. అక్కడికొచ్చాక దోపిడీ ఈగలు పట్టుకుని ఇక వదల్లేదు. మ్యూజియం డైరెక్టర్‌గా ఉన్నప్పుడూ, పదవీ విరమణ తర్వాతా ప్రజాతి తర్వాత ప్రజాతిని తీసుకుని, ఉన్న నమూనాలన్నీ తెప్పించి, మూల నమూనాలతో పోల్చి, కొత్త జాతులకు పేర్లు పెడుతూ సాగాడు. అతను పేరు పెట్టిన జాతులు వందల్లో ఉన్నాయి.

లోవ్‌కూ లాంట్‌కూ తేడా వల చేతబట్టడంలో ఉంది. లాంట్ తన ఈగలను తానే పట్టాడు. ఏ పొద కింద, ఏ రాతి మీద, ఏ ఇసుక వాగులో, ఏ తేదీన అన్నది చీటీ మీద రాశాడు. నైరుతి కొసన చలికాలపు వాన పడే సీమలో కొన్ని జాతులు వసంతంలో పూలతో పాటు వచ్చి, కొద్ది వారాలు కనిపించి, మళ్ళీ ఏడాది దాకా కనిపించవు. తూర్పున ఎండాకాలపు వాన పడే క్వాజులూ-నెటాల్ గడ్డిమైదానాల్లో కాలం వేరు, జాతులు వేరు. ఇదంతా చీటీల మీద పోగుపడ్డాకే తెలిసింది. ఎరతో సహా దొరికిన ఈగలను విడిగా లెక్కపెట్టి, 2006లో రెండువేల వేట రికార్డుల విశ్లేషణను ప్రకటించాడు. రెండువేల సార్లు ఎవరో ఒకరు వంగి, వల విసిరి, ఈగనూ దాని ఎరనూ విడిపోకుండా పట్టారన్నమాట.

మనిషి వలకు తోడుగా గుడారపు వల కూడా వచ్చింది. స్వీడన్ దేశపు రెనే మలేజ్ 1934లో బర్మా యాత్రలో ఉన్నప్పుడు, తన గుడారంలో దూరిన పురుగులు పైకప్పు మూలకు చేరి చిక్కుకోవడం గమనించి ఆ ఎరుకతో దాన్ని తయారుచేశాడు. పగలూ రాత్రీ నిలబడి పురుగులను సారాయి సీసాలోకి దింపుతుంది. ఆఫ్రికా అడవుల్లో మనిషి కంటపడని సన్నటి దోపిడీ ఈగలు ఎన్నో ఇలాగే దొరికాయి. వలలో పడ్డ ఈగకు తేదీ ఉంటుంది, చోటు ఉంటుంది, బతికిన తీరు మాత్రం తెలియదు.

ఇక ఫొటో సంగతి. దోపిడీ ఈగ ఫొటోకు బాగా నిలుస్తుంది. ఒక చోట కూర్చుంటుంది, ఎర కోసం లేచినా మళ్ళీ అదే పుల్ల మీదికి వస్తుంది. డిజిటల్ కెమెరా, దగ్గరి చిత్రాల లెన్సు అందరి చేతుల్లోకీ వచ్చాక ఈ ఈగల ఫొటోలు కుప్పలుగా పెరిగాయి. జర్మనీలో ఫ్రిట్జ్ గెల్లర్-గ్రిమ్ 2003లో ఆ దేశపు దోపిడీ ఈగలకు ఫొటోల అట్లాస్ తెచ్చాడు, గుర్తింపు పట్టికతో సహా. అక్కడ ఉన్నవి సుమారు 80 జాతులు, అన్నీ వందేళ్ళుగా నలిగినవి. పక్కపక్కన ఫొటోలు పెట్టి పోల్చుకుంటే చాలావాటికి పేరు దొరుకుతుంది. ఆఫ్రికాలో ఆ పద్ధతి నడవదు. పదహారువందల జాతుల్లో చాలావాటికి బతికున్నప్పుడు తీసిన ఫొటో ఒక్కటీ లేదు. కొన్ని ఒకే నమూనాతో తెలిసినవి, కొన్నిటికి ఆడదే దొరికింది, కొన్నిటికి మగదే.

మరి ఫొటోలో ఎంత దూరం పోవచ్చు? చాలా దూరమే. రెక్క పై అంచున ఉన్న గడి అంచు చేరకముందే మూసుకుందా? అలా మూసుకుని స్పర్శశృంగం కొసన సన్నటి ముల్లు ఉంటే అసిలీనే వైపు వెళ్ళాలి. మూసుకున్నా ముల్లు లేకుండా శృంగం కొస లావుగా ఉంటే లాఫ్రీనే వైపు. ముల్లు ఉండి దానికి దువ్వెన పళ్ళలా వెంట్రుకలుంటే ఒమేషియస్, దాని చుట్టాలు. రెక్క కొస వైపు చాలా దోపిడీ ఈగలకు రెండు గడులుండే చోట మూడుంటే ప్రొమేకస్ గుంపు. ముంగాలి పిక్క చివర వంకర ముల్లుంటే డాసిపోగోనీనే. సన్నని తూనీగలా పొడుగ్గా ఉండి గడ్డిపోచకు వేలాడుతుంటే లెప్టోగాస్ట్రీనే, వాటి గోళ్ళ కింద మెత్తని దిండ్లు ఉండవు. పేడ దగ్గర దిట్టమైన తొడలతో కూర్చుని పేడపురుగులను పడుతుంటే హోప్లిస్టోమెరస్ కావచ్చు. వెనక కాళ్ళకు ఈకలు కట్టినట్టుంటే పెజెసిమాలస్ మగది. ఆ అలంకారంతోనే ఆడదాని ముందు ఆడుతుంది. పెజెసిమాలస్‌ను సూది మీద చూసినవారికి కాళ్ళ ఈకలు తెలుస్తాయి, వాటినెలా ఊపుతుందో తెలియదు. అక్కడ ఫొటోదే పైచేయి.

కష్టం నియోలోఫోనోటస్ దగ్గర మొదలవుతుంది. దక్షిణాఫ్రికాలో ఎక్కడ చూసినా కనిపించే బూడిదరంగు ఈగలివి. వందకు పైగా జాతులు. లాంట్ 1980లలో వీటిని గుంపులుగా విడదీసి భాగాలు భాగాలుగా పరిష్కరించాడు. ఒక జాతికీ దాని పక్క జాతికీ తేడా చాలాసార్లు మగదాని పొట్ట కొసన ఉండే అంగాల ఆకారంలోనే ఉంటుంది. పైనుంచి తీసిన ఫొటోలో అది కనపడదు. పక్క నుంచి, పదునుగా, సరైన వెలుగులో తీస్తే కొంత తెలియవచ్చు. ఆడదైతే ఇంకా కష్టం. ఎంత మంచి కెమెరా అయినా ఇక్కడ ఈగను తిప్పి చూడలేదు, వెంట్రుకను పక్కకు తొలగించి చూడలేదు. ఈ విషయాన్ని నొచ్చుకోకుండా ఒప్పుకునే నిపుణుడే నా దృష్టిలో నమ్మదగినవాడు. ప్రజాతి దగ్గర ఆగి, ఇక చెప్పలేను అనడానికి వేల నమూనాలు చూసిన కన్ను కావాలి.

ఫొటో ఒక్కటే చాలునా అన్న ప్రశ్న 2015లో బట్టబయలైంది, అదీ ఆఫ్రికా ఈగ వల్లనే. అది దోపిడీ ఈగ కాదు, దాని దూరపు చుట్టం, బాంబిలిడే కుటుంబానిది. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టీఫెన్ మార్షల్, హవాయిలోని బిషప్ మ్యూజియానికి చెందిన నీల్ ఎవెన్‌హూయిస్ కలిసి దక్షిణాఫ్రికాలో కనిపించిన ఒక ఈగకు మార్లేయీమియా జైలోకోపే అని పేరు పెట్టారు. అది కూడా నల్ల తుమ్మెద వేషం వేసినదే. వాళ్ళ దగ్గర సూదికి గుచ్చిన ఈగ లేదు, ఉన్నవి ఫొటోలే. ఫొటోలోని ఆ ఈగనే మూల నమూనాగా చూపించారు. జంతునామకరణ నియమావళిలో బొమ్మలో చూపిన ప్రాణిని మూల నమూనాగా ఎంచే వీలుంది కాబట్టి అది చట్టవిరుద్ధం కాదు.

దుమారం రేగింది. 2016లో దాదాపు 500 మంది వర్గీకరణ శాస్త్రవేత్తలు సంతకాలు చేసి, ఫొటోల ఆధారంగా వర్గీకరణ చాలదు, అక్కర్లేదు, నష్టం కూడా చేస్తుందని ప్రకటించారు. వారి వాదం లోవ్ బల్ల దగ్గర నుంచి పుట్టిందే. రేపు అలాంటిదే మరో ఈగ దొరికితే పోల్చడానికి ఏముంది? ఫొటోలో కనపడని గుర్తు రేపు ముఖ్యమైతే ఎక్కడ వెతకాలి? అవతలివారి వాదమూ తేలిగ్గా తీసిపారేసేది కాదు. ప్రతి అరుదైన ప్రాణినీ చంపి తేవాలా, ఎగిరిపోయిన దానికి పేరే ఉండకూడదా అని వాళ్ళు అడిగారు. 2017లో నామకరణ కమిషన్ ఒక ప్రకటనలో, భద్రపరచిన నమూనా లేకుండా కొత్త జాతిని ప్రకటించేవారు అందుకు కారణాలు చెప్పాలని సిఫారసు చేసింది. నిషేధించలేదు, ప్రోత్సహించనూ లేదు. నా మొగ్గు సంతకాలు పెట్టినవారి వైపే. వీడెమన్ నాలుగు వరుసల్లో రాసినవాటికి ఇవాళ అర్థం చెప్పుకోగలుగుతున్నామంటే ఆ ఈగ ఇంకా సూది మీద ఉంది కాబట్టే. మార్లేయీమియాను మాత్రం మళ్ళీ ఎవరైనా పట్టేదాకా ఆ ఫొటోలోకే చూస్తూ ఉండాలి.

అదే 2017లో ఈ పనికి బలమైన ఆధారం వచ్చింది. కర్క్-స్ప్రిగ్స్, సింక్లెయిర్ సంపాదకత్వంలో ఆఫ్రికా ఈగల మాన్యువల్ ప్రిటోరియా నుంచి వెలువడడం మొదలై, మూడో సంపుటం 2021లో వచ్చింది. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. రెండో సంపుటంలోని అసిలిడే అధ్యాయం లాంట్, టోర్‌స్టెన్ డికోవ్ కలిసి రాశారు. డికోవ్ వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంటాడు. 2003లో యూసెలిడియా అనే సన్నటి ఈగల ప్రజాతిని పరిష్కరించాడు, 2009లో 158 జాతుల రూపలక్షణాలతో ఈ కుటుంబపు వంశవృక్షాన్ని గీసి 14 ఉపకుటుంబాలుగా చూపించాడు. అతని తరం నుంచి నమూనానూ ఫొటోనూ విడదీసి చూడడం తగ్గింది. మ్యూజియంలోని ఈగను ఎదురు నుంచి, పక్క నుంచి, పై నుంచి, లోతు మారుస్తూ ఎన్నో ఫొటోలు తీసి ఒక్కటిగా కలిపి అందరికీ అందుబాటులో పెడుతున్నారు. ఒకప్పుడు లండన్‌కో స్టాక్‌హోమ్‌కో వెళితే తప్ప కనపడని గుర్తు ఇప్పుడు నైరోబీలో కూర్చున్నవారి తెర మీద కనపడుతుంది.

బయట తిరిగేవారి ఫొటోలు మరో దారిన వస్తున్నాయి. 2008లో బర్క్‌లీలో విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైన ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైట్‌లో దక్షిణాఫ్రికావాసుల పరిశీలనలు లెక్కకు మించి ఉన్నాయి. 2017 నుంచి అక్కడ యంత్రం కూడా ఫొటో చూసి పేరు సూచిస్తోంది. తుమ్మెద వేషపు ఈగ ముందు యంత్రం ఎలా తడబడుతుందో ఊహించవచ్చు. మనుషులు ఖాయం చేసిన ఫొటోల నుంచే అది నేర్చుకుంటుంది, మనుషులు తప్పు ఖాయం చేస్తే తప్పే నేర్చుకుంటుంది. ఒక్క ఫొటో కూడా లేని జాతిని అది ఎన్నటికీ సూచించలేదు. ఆఫ్రికా దోపిడీ ఈగల్లో అలాంటివే ఎక్కువ.

అయినా ఆ ఫొటోల విలువ నాకు పెద్దదే. చోటూ తేదీతో సహా వచ్చే ఫొటో, కేప్ అని మాత్రమే రాసిన చీటీ కంటే మేలు. కంటి రంగు అందులో ఉంది. ఎర ఉంది. కూర్చున్న తీరు ఉంది. ఆశ్చర్యం ఏమిటంటే, ఫొటో చూసి పేరు చెప్పేవారు మళ్ళీ లోవ్ కుర్చీలోనే కూర్చున్నారు. ఈగ ఒక ఖండంలో, చూసేవారు మరో ఖండంలో. ఒకటే తేడా, ఈసారి ఈగ బతికుంది. లోవ్‌కు దొరకనిది వీళ్ళకు దొరుకుతోంది, అతనికి దొరికిన రెక్క ఈనెలూ పొట్ట కొసలూ మాత్రం చాలాసార్లు వీళ్ళకు అందడం లేదు. అందేలా చేయడం ఫొటో తీసేవారి చేతుల్లో ఉంది. ఒకే అందమైన ఫొటోతో సరిపెట్టుకోకుండా, ఎదురుగా ముఖం ఒకటి, ఒక పక్క నుంచి పొట్ట కొస దాకా ఒకటి, పై నుంచి రెక్క ఈనెలు తేలేలా ఒకటి, కాళ్ళు కనపడేలా ఇంకొకటి తీస్తే నియోలోఫోనోటస్ లాంటి వాటిలోనూ కొన్ని బయటపడతాయి. ఎర ఉంటే ఎరను వదలకూడదు. వాలింది ఇసుక మీదా, రాతి మీదా, పేడ మీదా అన్నది ఫొటోలో మిగలాలి.

ఇన్నీ చేసినా జాతి దాకా పోనివి చాలానే ఉంటాయి. బూడిదరంగు ఈగ ఒకటి ఎండుపుల్ల మీద కూర్చుని, కాళ్ళ మధ్య తనంత తేనెటీగను పట్టుకుని కెమెరా వైపు చూస్తూ ఉంటుంది. ముఖం స్పష్టంగా ఉంది, మీసం తెల్లగా ఉంది, తొండం తేనెటీగ మెడలో దిగి ఉంది. పొట్ట కొస మాత్రం ఆకు వెనక ఉండిపోయింది. కింద ఊరి పేరూ తేదీ ఉన్నాయి. పేరు రాయాల్సిన చోట నియోలోఫోనోటస్ అన్న ఒక్క మాట ఉంటుంది. దాని పక్కన జాతి పేరు కోసం వదిలిన జాగా ఇంకా ఖాళీగానే ఉంటుంది.